కార్తీకంలో గింజ, సంక్రాంతికి కాయ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైన బఠాణీల మీదే. పోయిన సంచికలో మా మిద్దె మీద ఒలిచిన పచ్చి బఠాణీల గిన్నె ఫోటో వేసినాం కదా, అది చూసి తిరుపతి ఎండలో ఇది ఎట్లా పండిందని కొందరు, అదే ఊర్లో మాకెందుకు పండలేదని ఇంకొందరు. సరే, ఈసారి మొత్తం బఠాణీకే ఇచ్చేస్తున్నా, టమేటా ఆకుముడత గురించి అడిగినోళ్ళు ఒక నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి కొర్లగుంట. మిద్దె మీద 12 గ్రో బ్యాగులు ఉండాయి. వినాయకచవితి అయినాక బఠాణీ వేస్తే జానెడు పెరిగి కింద ఆకులు పసుపై అట్లే ఎండిపోయినాయి. పట్టు వదలకుండా జనవరిలో మళ్ళీ వేసినా, చెట్లు బ్రహ్మాండంగా వచ్చినాయి, పూత వచ్చింది, తీరా చూస్తే పూతంతా రాలి నాలుగంటే నాలుగు కాయలు మిగిలినాయి. తేనెటీగలు రాకపోతే అంతే అని పక్కింటావిడ అంటోంది, నిజమేనా?
ఒక గృహిణి, తిరుపతి

జవాబు: పాపం తేనెటీగల మీదకి నెట్టొద్దమ్మా. బఠాణీ పువ్వు పూర్తిగా విచ్చుకునే లోపలే దాని పుప్పొడి దానికే అంటుకుని పని అయిపోయి ఉంటాది, ఈగ వచ్చినా రాకపోయినా కాయ కట్టాలి. మీ చేతి తప్పు కూడా కాదు, తేదీ తప్పు.

బఠాణీ చలి పంట. 10 నుంచి 20 డిగ్రీల్లో దానికి పండగ, 25 దాకా ఎట్లో సర్దుకుంటాది, పూత మీద ఉండగా మధ్యాన్నం ఎండ 30 దాటిందంటే పూలూ పిందెలూ రాల్చేస్తాది. మరి మన తిరుపతిలో డిసెంబరు, జనవరిలో కూడా మధ్యాన్నం 28, 29 ఉంటాది, అంటే మనకి స్వెటర్ కాలం అనిపించేది కూడా దానికి అంచు మీద బతుకే. మీరు జనవరిలో వేసినారు, 40 రోజులకు పూత అనుకున్నా ఫిబ్రవరి మధ్య దాటింది, అప్పటికి మన దగ్గర 32, 33 వచ్చేసి ఉంటాది, ఇంక పూత నిలబడమంటే యాడ నిలబడతాది. చవితికి వేసింది ఇంకో రకం కష్టం, సెప్టెంబరు ఉక్క, పైన వాన, కింద తడి మట్టి, వేరుకుళ్ళు పట్టి కిందనుంచి పసుపై పోతాది.

అందుకే నేను ఒకటే లెక్క పెట్టుకున్నా. దీపావళి టపాకాయల చెత్త ఊడ్చి పారేసినాక గింజ వేయడం మొదలు, కార్తీకం సగానికొచ్చేసరికి వేయడం పూర్తి. అప్పుడు డిసెంబరు మధ్యలో పూత, ఇంకో మూడు వారాలకు కాయ, సంక్రాంతికి ఒలుచుకోవడం. దీనికంటే పది రోజులు అటూ ఇటూ అయితే పర్లేదు, నెల అటూ ఇటూ అయితే మాత్రం మీకు జరిగిందే జరుగుతాది.

ఇందులో ఒక తిరకాసు ఉంది, మనకి ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగా పడేది కూడా సరిగ్గా నవంబరులోనే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎట్లా పారినాయో గుర్తుంది కదా, ఆ సంవత్సరం నా బ్యాగులు మూడు రోజులు కుంట మాదిరి నిలబడి మొలకలన్నీ కుళ్ళిపోయినాయి. అప్పటినుంచి నేను గింజలు నేరుగా బ్యాగులో వేయను, పేపర్ టీ కప్పులకి అడుగున బొక్క పొడిచి, కప్పుకి రెండేసి వేసి, మెట్ల గది తలుపు దగ్గర వెలుతురు తగిలేట్టు పెడతా. నాలుగాకులు వచ్చినాక, వాన తెరిపి ఇచ్చిన రోజు చూసి కప్పు అడుగు చింపేసి అట్లే మట్టిలో దించేస్తా. వేరు కదిలితే బఠాణీ అలుగుతాది, అందుకని పీకి నాటొద్దు, కప్పుతో సహా దించాలి.

రకం కూడా చూడండి. 50, 60 రోజులకే మొదటి కోత వచ్చే ఆర్కెల్ లాంటి పొట్టి రకం మనకున్న చిన్న చలికాలానికి సరిపోతాది. బెంగళూరు హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా అజిత్ బూడిద తెగులుని తట్టుకుంటాది కానీ దానికి మొత్తం 90 రోజులు కావాలి, తిరుపతిలో అయితే నవంబరు మొదటి వారంలోనే వేసి తీరాలి.

ప్రశ్న: మాది పలమనేరు. తిరుపతిలో ఉండే మా చెల్లెలు నవంబరులోనే వేయాలంటాది, మా అత్త అక్టోబరు మొదట్లోనే వేస్తాది, ఆమెకి కాస్తా ఉండాది కూడా. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిదీ. పలమనేరు సముద్రమట్టానికి 680 మీటర్ల పైచిలుకు ఎత్తు, తిరుపతి 160 చిల్లర. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆరు డిగ్రీలు తగ్గుతాదని లెక్క, అంటే మీకూ మీ చెల్లెలికీ మూడు డిగ్రీల తేడా, బఠాణీకి అది చిన్న తేడా కాదు. పలమనేరు, కుప్పం, వి.కోట వైపు వాళ్ళు అక్టోబరు మొదటినుంచి నవంబరు ఆఖరు దాకా రెండు మూడు విడతలుగా వేసుకోవచ్చు, రెండు వారాలకు ఒక వరస చొప్పున. చిత్తూరు టౌన్ వాళ్ళు మధ్యలో ఉంటారు, అక్టోబరు ఆఖరు బాగుంటాది. అత్తమ్మ మాటని తిరుపతికి పంపొద్దు, అంతే.

ప్రశ్న: అంగట్లో చాట్‌కి అమ్మే పచ్చ బఠాణీలు నానబెట్టి వేసినా, కొన్ని మొలిచినాయి, కొన్ని జిగురు జిగురుగా కుళ్ళినాయి. ఫ్రోజెన్ ప్యాకెట్‌వి కూడా వేసి చూసినా, ఒక్కటీ రాలేదు. విత్తనం కొనక తప్పదా మేడం?
ఇంజినీరింగ్ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: ఫ్రోజెన్‌వి వేసినావా నాయనా! అవి వేడి నీళ్ళలో ఒక ఉడుకు ఉడికించి గడ్డకట్టించినవి, ప్రాణం అప్పుడే పోయింది. అంగడి ఎండు బఠాణీ మొలుస్తాది, కానీ అది చాలావరకు పప్పు కోసం పండించే రకం, గింజ గుండ్రంగా నున్నగా ఉంటాది చూడు, తీగ బారెడు పాకుతాది, కాయ ఆలస్యం, పచ్చిగా ఒలుచుకుంటే తీపి ఉండదు, పిండి పిండిగా ఉంటాది. కొన్ని అంగళ్ళలో రంగు కలిపినవి కూడా ఉంటాయి, నానేస్తే నీళ్ళు పచ్చగా దిగుతాయి. విత్తనం కొను, పెద్ద ఖర్చేం కాదు. ఆ ప్యాకెట్‌లో గింజలు గులాబీ రంగులో ఉంటే అది తెగులు మందు పట్టించింది, చేతులు కడుక్కో, మిగిలినవి తినేదానికో కోళ్ళకో వాడొద్దు.

కుళ్ళడం సంగతి, రాత్రంతా నానబెట్టి ఉంటావు. నాలుగైదు గంటలు చాలు, వాన ముసురు ఉంటే అసలు నానబెట్టకుండా వేయి. వేలు ఒక కణుపు లోతు, రెండు మూడు అంగుళాల దూరం. వేసిన రోజు ఒకసారి నీళ్ళు, మొలక కనబడేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు, బురద చేయొద్దు.

ప్రశ్న: మొలకల కొనలు ఉడతలు కొరికేసినాయి. పీకేసి మళ్ళీ వేసినాను, మళ్ళీ కొరికినాయి.

జవాబు: పీకి ఉండకూడదమ్మా. బఠాణీకి పప్పు రెండు బద్దలూ మట్టి లోపలే ఉండిపోతాయి, చిక్కుడు మాదిరి పైకి లేవవు. పైన కొరికినా కింద కణుపు నుంచి ఇంకో కొమ్మ లేస్తాది, ఒక వారం ఆలస్యం అంతే. అదే చిక్కుడు మొలక తల పోతే మొత్తం పోయినట్టే. ఈసారి గింజ వేసిన వెంటనే పండ్ల అంగట్లో వాడే ప్లాస్టిక్ బుట్ట బోర్లించి మీద రాయి పెట్టండి, ఆకులు నాలుగైదు వచ్చినాక ఉడతకి దాని మీద మోజు పోతాది.

ప్రశ్న: మాకు పుత్తూరు పక్కన రోంత చెనక్కాయ చేను ఉంది. చెనక్కాయ మట్టిలో నత్రజని పట్టే బ్యాక్టీరియా ఉంటాదని చదివినా, ఆ మట్టి నాలుగు బొచ్చెలు తెచ్చి పెరట్లో బఠాణీ మడిలో కలిపినా, పైన యూరియా కూడా గుప్పెడు చల్లినా. చెట్లు నల్లగా నిగనిగలాడతా మోకాలు దాటినాయి, 55 రోజులైనా పూత లేదు.

జవాబు: అన్నా, సగం కరెక్ట్ చదివినారు. చెనక్కాయ వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా వేరే జాతి, బఠాణీది వేరే జాతి, ఇది దానికి పనికిరాదు. బఠాణీతో పొత్తు కలిసేది పెసలు, మినుములది కూడా కాదు, ఎర్రపప్పు వచ్చే మసూర్‌ది. మన జిల్లాలో బఠాణీ ఎప్పుడూ వేయని మట్టి అయితే, బఠాణీకని రాసి ఉండే రైజోబియం కల్చర్ ప్యాకెట్ అడిగి తెచ్చుకుని, చల్లారిన పల్చటి బెల్లం పాకంలో కలిపి గింజలకి పట్టించి, నీడలో అరగంట ఆరబెట్టి వేయండి. ఎండలో పెడితే ఆ బ్యాక్టీరియా చస్తాది, గులాబీ మందు గింజకి పట్టించినా చస్తాది, రెండింటిలో ఏదో ఒకటే.

మీ అసలు దెబ్బ యూరియా. దండిగా నత్రజని దొరికినాక చెట్టు ఆకే వేస్తాది, పూత ఊసు ఎత్తదు, బుడిపెలు కూడా కట్టదు. ఎందుకు కడతాది, అన్నం వండి పెట్టేవాళ్ళు ఉంటే పొయ్యి ఎవరు రాజేస్తారు. ఇప్పుడు చేయగలిగింది ఏం లేదు, నీళ్ళు కొంచెం తగ్గించండి, పైన లేత కొనలు జానెడు తుంచి పెసరపప్పులో వేసి కూర చేసుకోండి, చాలా బాగుంటాది, కిందనుంచి పూత కొమ్మలు వస్తాయి, చలి మిగిలి ఉంటే కాయ కూడా వస్తాది. వచ్చే ఏడాదికి బాగా మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి, పొయ్యి బూడిద చాలు. ఒక చెట్టు పీకి బుడిపె గోటితో చిదిమి చూడండి, లోపల గులాబీగా ఉంటే పని చేస్తా ఉన్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఉత్తదే.

ప్రశ్న: మేడం, నేను రిటైర్డ్ టీచర్ని, చిత్తూరు. నలభై చెట్లు బాగా కాసినాయి. ఇప్పుడు ఇంట్లో గొడవ ఏందంటే కాయ ఎప్పుడు కోయాలి అని. మా ఇంటావిడ లేతగా ఉండగానే కోసేయమంటాది, నేను బాగా నిండి ముదిరితే కదా బరువు అంటాను. పోయిన వారం నా మాట నెగ్గింది, కూర చేస్తే గింజలు ఉడికినా తొక్క నోట్లో మిగిలిపోయింది. ఇంక తీర్పు మీరే చెప్పాలి.

జవాబు: సార్, కూరే తీర్పు చెప్పేసింది కదా, నేను చెప్పేది ఏముంది. కానీ మేడంగారిది కూడా పూర్తిగా నెగ్గినట్టు కాదు, మరీ లేతలో కోస్తే గింజ ఆవగింజకి అన్నలా ఉంటాది, ఒలిచిన శ్రమకి కూలి రాదు. ఇది రెండు మూడు రోజుల వ్యవహారం సార్, అంతే, ఆ రెండు మూడు రోజులు పట్టుకోవడమే బఠాణీలో అసలు విద్య.

కాయ పెరిగేది ఎట్లాగంటే, ముందు తొక్క పూర్తి పొడవు సాగిపోతాది, అప్పుడు పల్చగా బల్లపరుపుగా ఉంటాది, చూసి ఏమోలే అనుకుంటాం. తరవాత లోపల గింజ ఊరడం మొదలవుతాది. పువ్వు విచ్చుకున్న 18 నుంచి 21 రోజులకి కాయ నిండుతాది, ఎండ ముదిరితే ఇంకో రెండు మూడు రోజులు ముందే. చూపుకి ఎట్లా తెలస్తాదంటే కాయ గుండ్రంగా ఉబ్బి, పచ్చగా, నూనె పూసినట్టు మెరుస్తా ఉంటాది. బొటనవేలితో నొక్కితే లోపల ఖాళీ ఉండదు, అట్లని రాయి మాదిరి కూడా ఉండదు. ఆ మెరుపు పోయి కాయ మొద్దుగా, తొక్క మీద సన్నగా వల గీతలు కనిపిస్తే మీరు కోత దాటేసినారు. ఇవన్నీ పుస్తకం గుర్తులు, నేను చేసేది ఒకటే, రోజూ పొద్దున ఒక కాయ తుంచి అక్కడే నిలబడి పచ్చివి తింటా, తియ్యగా ఉంటే ఆ పొద్దే బుట్ట తెచ్చుకుంటా.

తీపి ఎందుకు పోతాదంటే గింజలో చక్కెర రోజురోజుకీ పిండిగా మారతా పోతాది. చెట్టు మీదే కాదు, కోసినాక కూడా ఆ పని ఆగదు. మన ఇంట్లో వంటగది వేడికి సాయంత్రానికే తేడా తెలిసిపోతాది, మరుసటి రోజుకి సగం తీపి గల్లంతు. బజారు కాయ ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ చలిలో అద్భుతంగా పండినా మన ప్లేటుకి వచ్చేసరికి చప్పగా ఉండేది అందుకే, అంత దూరం లారీలో వచ్చింది అది. మన మిద్దె కాయ దానికంటే చిన్నదైనా, పొట్టిదైనా, గెలిచేది ఈ ఒక్కచోటే, పొద్దున ఏడుకి కోసి ఎనిమిదికి ఉప్మాలో వేయగలం. అందుకని పొద్దున చల్లగా ఉన్నప్పుడే కోయండి, మంచు తడి ఆరినాక. తడి ఆకుల్లో చేయి పెట్టి తిరిగితే తెగులు ఒక చెట్టునుంచి ఇంకోదానికి మీరే మోసినట్టు. ఆ పొద్దే వండకపోతే ఒలవకుండా కాయలట్లే కవర్లో కట్టి ఫ్రిడ్జ్‌లో పెట్టండి, ఒలిచినవి తొందరగా పాడవుతాయి.

ఇంకొకటి, కాయ కింద కణుపు నుంచి పైకి ముదురుతా పోతాది, కాబట్టి ఒకేసారి చెట్టంతా దులపొద్దు. రెండు మూడు రోజులకొకసారి కింద వరస కోసుకుంటా రండి. ఒక చేత్తో తీగ పట్టుకుని ఇంకో చేత్తో తుంచాలి, గుంజితే వేరుతో సహా వస్తాది, దీని వేరు అంత గట్టిది కాదు. మీ ఇంట్లో కత్తెర ఉంటే ఇంకా మేలు. నిండిన కాయని అట్లే వదిలేస్తే చెట్టు ఇంక పిల్లలు పెద్దయినారులే అన్నట్టు పూత ఆపేస్తాది. కోస్తా ఉంటే ఇంకో రెండు వారాలు పూస్తాది. మీరు ముదరబెట్టిన వారం మీకు రెండు విధాలా నష్టం అన్నమాట. మేడంగారికి సారీ చెప్పేయండి.

ముదిరిపోయినవి పారేయొద్దు, ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే నానేసి ఉర్లగడ్డతో కూర్మా చేసుకోవచ్చు.

ప్రశ్న: అరకిలో బఠాణీకి ఎన్ని చెట్లు వేయాలి?

జవాబు: కిలో కాయ ఒలిస్తే 400 నుంచి 500 గ్రాముల గింజ. బ్యాగులో ఉన్న పొట్టి రకం చెట్టు మన వేడిలో పదో పన్నెండో కాయలు ఇస్తే సంతోషం, కాయ ఐదు గ్రాములు అనుకుంటే చెట్టుకి పాతిక గ్రాముల గింజ. అరకిలోకి ఇరవై చెట్లు, అది కూడా రెండు మూడు విడతల్లో కలిపి. ఒక్క కుండీలో నాలుగు వేసి పులావ్ చేస్తానని చుట్టాలని పిలవొద్దండి. అడుగు వెడల్పు బ్యాగులో ఏడెనిమిది చెట్లు దగ్గరదగ్గరగా వేసినా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి, మధ్యలో ఎండు కంప కొమ్మ ఒకటి గుచ్చితే చాలు, నులితీగలు దాన్ని పట్టుకుంటాయి. లావు కర్రలు పెట్టొద్దు, దాని నులితీగ సన్నం, లావుదాన్ని చుట్టుకోలేదు.

ప్రశ్న: కపిలతీర్థం దగ్గర ఉంటాం. కోతులు.

జవాబు: ఒక్క మాటలో అడిగినారు, ఒక్క మాటలోనే చెప్తా. చుట్టూరా పైన కూడా ఇనుప మెష్. అది కాకపోతే కొత్తిమీర వేసుకోండి తల్లీ.

ప్రశ్న: జనవరి మొదటి వారం నుంచి ఆకుల మీద తెల్ల పౌడర్ చల్లినట్టు వస్తా ఉంది, కాయ మీదకి కూడా పాకింది. ఇంకొన్ని ఆకుల్లో తెల్లటి వంకర గీతలు. రెండూ ఒకటేనా?

జవాబు: కాదు. పౌడర్ లాగా ఉండేది బూడిద తెగులు, పగలు పొడి ఎండ, రాత్రి చలి, తెల్లారి మంచు, ఈ మూడూ కలిసినప్పుడు బఠాణీకి రాకుండా ఉండదు, ఆర్కెల్‌కి మరీ. మొదట కింద ఆకుల మీద రెండు చుక్కలు కనిపించినప్పుడే ఆ ఆకులు తుంచేసి, నీళ్ళలో కరిగే గంధకం పొడి లీటరుకి 3 గ్రాములు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కూడా తడిచేట్టు కొట్టండి, పది రోజులకి ఇంకోసారి. మధ్యాన్నం ఎండలో కొడితే ఆకు మాడుతాది. మందు వద్దనుకుంటే ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పొద్దున పూట వారానికి రెండుసార్లు, ఇది మొదట్లో అయితేనే, చెట్టంతా తెల్లబడినాక పాలు కాఫీకి పెట్టుకోండి. మీది కాయ దాకా పోయింది కాబట్టి ఇంక మందు కొట్టొద్దు, ఉన్న కాయ గబగబా కోసేసి చెట్లు తీసేయండి, తొక్క తెల్లబడినా లోపల గింజ తినొచ్చు.

వంకర గీతలు ఆకు పొరల మధ్య సొరంగం తవ్వే చిన్న పురుగు, పాముపొడ అంటారు. చూడ్డానికి భయంగా ఉంటాది కానీ పదిపదిహేను ఆకులకి ఉంటే చెట్టు పట్టించుకోదు, గీత ఉన్న ఆకు తుంచి కవర్లో మూట కట్టి పారేయండి.

ప్రశ్న: విత్తనానికని నాలుగు చెట్ల కాయలు చెట్టు మీదే ఎండబెట్టినా. గింజలన్నీ ముడతలు పడి ముసలమ్మ బుగ్గల్లాగా అయిపోయినాయి. పాడైనాయా అక్కా?

జవాబు: పాడవలేదు చెల్లీ, అదే మంచి లక్షణం. తియ్యగా ఉండే రకాల గింజ ఎండితే ముడత పడాలి. గింజలో పిండి సరిగ్గా కట్టదు, చక్కెర ఎక్కువ మిగులుతాది, చక్కెర ఉన్నచోట నీళ్ళు ఎక్కువ పట్టి ఉంటాయి, ఎండేటప్పుడు ఆ నీళ్ళు పోయి తొక్క ముడుచుకుంటాది. స్కూల్లో మెండెల్ పాఠం గుర్తుందా, గుండ్రటి గింజ, ముడత గింజ అని పట్టికలు వేసి మార్కులు తెచ్చుకున్నాం కదా, 1866లో ఆయన అచ్చువేసిన ఆ ముడత గింజ ఇదే. 1990లో ఇంగ్లండులో శాస్త్రవేత్తలు పిండిని కట్టే ఎంజైము జన్యువు ఆ గింజలో చెడిపోయి ఉందని తేల్చినారు. అంటే మనకి తీపి వచ్చింది ఒక చెడిపోయిన జన్యువు పుణ్యాన.

బఠాణీ తన పుప్పొడితోనే కాయ కడతాదని పైన చెప్పినా కదా, అందుకని మీ విత్తనం రకం మారదు, హైబ్రిడ్ కాకపోతే ధైర్యంగా దాచుకోవచ్చు. కాయ గిలకలాగా గలగలమన్నాక ఒలిచి, నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, పుచ్చు పట్టకుండా గట్టి మూత డబ్బాలో వేసి ఒక వారం ఫ్రీజర్లో పెట్టి తీయండి, లోపల గుడ్లు ఉన్నా చస్తాయి. బాగా ఎండకుండా ఫ్రీజర్లో పెడితే మాత్రం గింజే చస్తాది.

ప్రశ్న: ఒకేసారి మూడు కిలోల కాయ వచ్చింది. ఫ్రీజర్లో పెడితే నల్లబడి వాసన వస్తున్నాయి.

జవాబు: పచ్చివి నేరుగా పెట్టి ఉంటారు. నీళ్ళు తెర్లుతా ఉన్నప్పుడు గింజలు వేసి సరిగ్గా రెండు నిమిషాలు, వెంటనే వడగట్టి ఐసు నీళ్ళలో ఇంకో రెండు మూడు నిమిషాలు, బట్ట మీద తడి ఆర్చి, పళ్ళెంలో పరిచి గడ్డకట్టించినాక కవర్లో పోయండి, అప్పుడు ముద్ద కట్టవు. ఈ రెండు నిమిషాల ఉడుకు ఎందుకంటే గింజలో రంగు, రుచి చెడగొట్టే ఎంజైములు చలికి చావవు, వేడికే చస్తాయి.

ప్రశ్న: నర్సరీలో స్వీట్ పీ అని ప్యాకెట్ ఇచ్చినారు. పూలు గులాబీ, వంకాయ రంగుల్లో భలే వాసన. కాయలు కూడా వస్తా ఉండాయి, కూరకి పనికొస్తాయా?

జవాబు: రావు, తినొద్దు, పిల్లలకి అందనీయొద్దు. అది పూల మొక్క, పేరులో పీ ఉన్నంత మాత్రాన బఠాణీ కాదు, కేసరి పప్పు జాతికి చెందింది, గింజ విషం. మనం తినే బఠాణీ రకాలకి పువ్వు మామూలుగా తెల్లగా ఉంటాది, వాసన ఏమంత ఉండదు.

ప్రశ్న: కుప్పం దగ్గర పల్లె మాది. నేను బఠాణీ అంటే మా అత్తమ్మ, అనపకాయ (సొరకాయ కాదు, గింజలు పితికి వండే చిక్కుడు జాతి కాయ) ఉండగా ఈ సోకు ఎందుకు అంటాది. మీరేమంటారు?

జవాబు: నేను కూడా అనప పక్షమే తల్లీ, ఎడిటర్ గారు ఈ నెల బఠాణీ శీర్షిక పెట్టినారు కాబట్టి గమ్మున ఉన్నా. మన జిల్లాలో జూన్, జులైలో చెనక్కాయతో పాటు సాలు మధ్యలో వేస్తే, నాటు అనప ఎంత ముందు వేసినా పగలు చిన్నదయ్యే దాకా పూయదు, సరిగ్గా మార్గశిరం మంచుకి పూసి, సంక్రాంతికి కాయ అందిస్తాది, వేడి అంటే బఠాణీ లాగా బెదిరిపోదు. కాయ కోసిన చేతికి అంటే ఆ వాసన బఠాణీకి ఏ జన్మలో రావాలి. రాత్రి నానేసి పొద్దున ఇంటిల్లిపాదీ కూర్చుని పితికి, ఆ పితికిపప్పు ఎర్రగడ్డ, తెల్లగడ్డ మసాలాతో చేసి రాగిసంగటిలో వేసుకుంటే ఇంక మాట్లాడేదానికి నోరు ఖాళీ ఉండదు. మిద్దె మీద వాళ్ళకి తీగ పాకకుండా పొదలాగా ఉండి, ఏ కాలంలో వేసినా పూసే అర్కా జయ్, అర్కా విజయ్ రకాలు ఉండాయి, వాసన మాత్రం నాటుదానికి తక్కువే అని నా నాలుక.

అయినా బఠాణీ మానొద్దు. కుప్పం చలి మీకు దేవుడిచ్చిన వరం, నాకు తిరుపతిలో అది లేదు. అత్తమ్మకి అనప సాలు వదిలేసి ఇంటి వెనకాల రెండు మడులు మీరు తీసుకోండి, పచ్చి గింజ ఆమె నోట్లో ఒకటి పెట్టి చూడండి ఏమంటాదో, నాకు రాయండి.

ప్రశ్న: ఒలిచిన తొక్కలు ఏం చేయాలి? బక్కెట్టు నిండా ఉండాయి. కోత అయినాక చెట్లు?

జవాబు: తొక్క లోపల పార్చ్‌మెంట్ కాగితం లాంటి పొర ఉంటాది, మనకి నమలబడదు, ఆవుకి పెట్టండి. మా వీధి ఆవు జనవరి నెల మొత్తం మా గేటు దగ్గరే పడుకుంటాది. చెట్లని పీకొద్దు, మట్టి దగ్గర కోసేసి వేర్లు లోపలే వదిలేసి, అదే బ్యాగులో తోటకూరో గోంగూరో చల్లండి. మళ్ళీ కార్తీకానికి బఠాణీ మాత్రం వేరే బ్యాగులో.